గుట్టుగా తీయడం వేరు, దొంగచాటుగా తీయడం వేరు: చావు ఇంట కెమెరా

సంస్మరణ సభలో ఒక నిమిషం మౌనం పాటిస్తున్నారు. హాలంతా తల వంచుకుని నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే వెనకవైపు నుంచి ‘చర్ర్’మని ఒక చప్పుడు. ఫొటోగ్రాఫర్ లెన్స్ మార్చుకోవడానికి బ్యాగు తెరిచాడు. ఆ బ్యాగు మూతకు వెల్క్రో పట్టీ ఉంది. మామూలు రోజున ఎవరి చెవికీ ఆనని చప్పుడే అది. ఇప్పుడు మాత్రం ముందు వరసలో ఉన్నావిడ ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతుంది. అప్పటిదాకా ఆవిడ మనసులో పోయిన మనిషి ఉన్నాడు. ఇక అక్కడి నుంచి సభ అయ్యేదాకా వెనక కెమెరా ఉందన్న స్పృహ ఆవిడను వదలదు.

ఆ ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్నది శబ్దమే రాని కెమెరా. కెమెరా మీద పెట్టిన శ్రద్ధ బ్యాగు మీద పెట్టలేదంతే.

అంత్యక్రియల్లో ఫొటోలు తీయడం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఇలాంటి చప్పుళ్ల దగ్గరే ఆగిపోతారు. నల్ల బట్టలు వేసుకో, ఫ్లాష్ వాడకు, కిర్రుమనే బూట్లు తొడగకు, కంటపడకు. అన్నీ అవసరమైనవే. కానీ కంటపడకుండా ఉండటం ఎవరి కోసం అన్న ప్రశ్న వీటన్నిటికంటే ముందు రావాలి. దానికి తెలుగులో రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి గుట్టు, రెండోది దొంగచాటు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, రెండింటిలోనూ మనిషి పక్కకు తప్పుకునే ఉంటాడు. అయితే గుట్టు అనేది ఇంటివాళ్లది. దాన్ని కాపాడటానికి ఫొటోగ్రాఫర్ తనను తాను తగ్గించుకుంటాడు. దొంగచాటు ఫొటోగ్రాఫర్‌ది. అడిగితే కాదంటారేమోనన్న భయంతో అడగకుండానే తీసేసుకుంటాడు. ఈ పనిలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే వస్తాయి.

1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీ బిర్లా హౌస్‌లో జరిగింది ఈ చర్చలో పదేపదే ప్రస్తావనకు వస్తుంది. అప్పుడు ఢిల్లీలో ప్రపంచమంతా పేరున్న ఫొటోగ్రాఫర్లు ఇద్దరు ఉన్నారు. అమెరికన్ మార్గరెట్ బర్క్-వైట్, ఫ్రెంచివాడు హెన్రీ కార్టియే-బ్రెసాఁ. ఇద్దరూ ఆ రోజే గాంధీని కలిసినవాళ్లు. హత్య జరిగిందని తెలియగానే ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు. గాంధీ భౌతికకాయాన్ని ఉంచిన గదిలోకి బర్క్-వైట్ కెమెరా దాచుకుని వెళ్లి ఫ్లాష్ వెలిగించారు. గదిలో ఉన్నవాళ్లకు ఒళ్లు మండింది. కెమెరా లాక్కున్నారు, ఫిల్ము పనికిరాకుండా చేశారు, ఆవిణ్ణి బయటికి పంపారు. కార్టియే-బ్రెసాఁ తన చిన్న లైకా కెమెరాతో, ఉన్న వెలుతురుతోనే పని కానిచ్చారు. గేటు దగ్గర నెహ్రూ జనానికి మరణవార్త చెబుతున్న ఫొటో ఆ రాత్రిదే. వెలుతురు చాలక అంచులు అలుక్కుపోయాయి. ఆ మసకే ఇప్పుడు ఆ ఫొటోకు ప్రాణం.

ఈ కథను సాధారణంగా ఫ్లాష్ మీద పాఠంగా చెప్పి వదిలేస్తారు. అది సగమే. ఫ్లాష్ వెలిగినప్పుడు గదిలో ఉన్నవాళ్లకు కోపం తెప్పించింది వెలుగొక్కటే కాదు, తమకు తెలియకుండా కెమెరా లోపలికి వచ్చిందన్న సంగతి కూడా. ఫ్లాష్ ఆ సంగతిని బయటపెట్టింది, అంతే. ఫ్లాష్ లేకుంటే బర్క్-వైట్ దొరికేవారు కాదు. దొరకనంత మాత్రాన చేసిన పని మారిపోదు కదా.

ఈ తేడా ఇప్పుడు ఇంకా పదునెక్కింది, ఎందుకంటే దొరికిపోయే అవకాశమే దాదాపు పోయింది. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలో ఫొటో తీసినప్పుడల్లా లోపలి అద్దం పైకి లేచి కొట్టుకునేది. నిశ్శబ్దంగా ఉన్న హాలులో ఆ ‘టక్’ అందరికీ వినపడేది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు. కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే చప్పుడు సున్నా. వెలుతురు బాగా పట్టే ఎఫ్/1.8 లెన్స్, వెలుతురుకు కెమెరా స్పందించే కొలత (ఐఎస్ఓ) 3200 లేదా 6400 ఉంటే, దీపాలు తగ్గించిన హాలులోనూ ఫ్లాష్ అక్కర్లేదు. ఫొటోలో సన్నటి చుక్కల్లా కొంచెం గరుకు కనిపిస్తుంది. ఇలాంటి ఫొటోలో అది లోపం కాదు.

కాకపోతే ఈ నిశ్శబ్దానికీ ఓ ఖర్చుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న కెమెరాలు చాలావరకు సెన్సర్‌ను (వెలుతురును బొమ్మగా పట్టే పలకను) ఒకేసారి కాకుండా పై నుంచి కిందికి వరస వరసగా చదువుతాయి. హాలులో ఎల్ఈడీ దీపాలుంటే అవి కంటికి తెలియకుండా మినుకుతుంటాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ మీద 120 సార్లు. ఒక వరస చదివేటప్పుడు దీపం వెలిగి, తర్వాతి వరసకు తగ్గితే ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. కరెంటును బట్టి షట్టర్ వేగం సెకనులో 1/50, 1/100 వంతు దగ్గరో, 1/60, 1/125 వంతు దగ్గరో ఉంచితే చాలావరకు తప్పుతుంది. వెలుతురు తగ్గించే రెగ్యులేటర్ మీద ఉన్న ఎల్ఈడీలు కొన్ని ఈ లెక్కకు లొంగవు. అందుకే తెలిసినవాళ్లు జనం రాకముందే హాలుకు వెళ్లి, ప్రతి దీపం కింద ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూసుకుంటారు. సెన్సర్ మొత్తాన్నీ ఒక్కసారే చదివే గ్లోబల్ షట్టర్ పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లోకి 2023లో సోనీ ఏ9 III ప్రకటనతో వచ్చింది. దాంతో ఒకే ఫొటోలో చారలు పడే బాధ తీరుతుంది. అయితే ఈ పనికి దాన్ని కొనాల్సినంత అవసరం ఎవరికీ లేదు.

శబ్దం రానివ్వకూడదని అనుకున్నవాళ్లు వెలుగుల సంగతి మరిచిపోతుంటారు. ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర దీపం, ఫొటో తీయగానే వెనక స్క్రీన్ మీద మెరిసే బొమ్మ. చీకటి హాలులో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు ఆ స్క్రీన్ చిన్న టీవీలా కనిపిస్తుంది. రెండూ ఆపేయాలి. లెన్సులు ముందే రెండు కెమెరాలకు తగిలించుకుంటే బ్యాగు తెరిచే పనే ఉండదు. ఒకదానికి విశాలంగా చూపే 35 ఎంఎం, ఇంకోదానికి దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం సరిపోతాయి.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ పాత ‘టక్’ శబ్దం ఫొటోగ్రాఫర్‌కు కళ్లెంలా పనిచేసేది. నొక్కిన ప్రతిసారీ హాలులో ఒకరిని ఇబ్బంది పెడుతున్నామన్న ఎరుక ఉండేది. అందుకే ఆచితూచి నొక్కేవారు. చదివేవాళ్లు చదవడం మొదలుపెట్టేదాకా, పాట అందుకునేదాకా ఆగి, ఆ శబ్దంలో తమ శబ్దం కలిపేసేవారు. శబ్దం పోయాక ఆ కళ్లెమూ పోయింది. సెకనుకు ఇరవై ఫొటోల లెక్కన ఒక మనిషి ఏడుపును మొదటి నుంచి చివరిదాకా తీసినా ఎవరికీ తెలియదు. తెలియకపోవచ్చు గానీ, ఏడుస్తున్న ముఖం మీద ఒక నిమిషం పాటు లెన్స్ పెట్టి ఉంచిన మనిషిని పక్కనున్నవాళ్లు చూస్తూనే ఉంటారు. కెమెరాకు నోరు లేకపోయినా మనిషికి ఒళ్లుంది, ఆ ఒళ్లు ఎటు తిరిగి ఉందో అందరికీ తెలుస్తుంది.

అసలు ఫొటోలో ఉన్నవాళ్ల కళ్లే ఈ విషయాన్ని పట్టించేస్తాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ స్పెయిన్‌లోని డెలెయితోసా అనే పల్లెలో తీసిన ఫొటోల కథనాన్ని ‘లైఫ్’ పత్రిక 1951లో అచ్చువేసింది. అందులో చనిపోయిన ముసలాయన చుట్టూ ఇంటి ఆడవాళ్లు కూర్చున్న ఫొటో చాలా ప్రసిద్ధి. చీకట్లోంచి ముఖాలొక్కటే తేలి కనిపిస్తాయి, పాత చిత్రకారుల బొమ్మలా. నెగెటివ్‌లో ఇద్దరు ఆడవాళ్లు కెమెరా వైపే చూస్తున్నారు. స్మిత్ ప్రింటు వేసేటప్పుడు వాళ్ల కళ్లను దిద్ది, చూపు పక్కకు తిరిగేలా చేశారు. ఫొటో ఇంకా గొప్పగా వచ్చింది. కానీ ‘ఇక్కడ ఓ పరాయివాడు ఉన్నాడు’ అని చెప్పే ఏకైక సాక్ష్యం అలా చెరిగిపోయింది. ఇప్పటి డాక్యుమెంటరీ నియమాల ప్రకారం అది ఒప్పుకోదగిన పని కాదు. అందులో ఒక నిజం మాత్రం ఉంది. కెమెరా వైపు తిరిగిన చూపు అన్నిసార్లూ అభ్యంతరం కాదు గానీ, ఎప్పుడూ ఒక ప్రశ్నే. ఆ చూపు ఎదురైనప్పుడు కెమెరా దించి, చిన్నగా తల ఊపి, ఆ మనిషి మళ్లీ ముఖం తిప్పుకునేదాకా ఆగడం తప్ప వేరే జవాబు లేదు.

మరి అనుమతి ఎవరివ్వాలి? గట్టి ఉదాహరణ 1968 ఏప్రిల్ 9న అట్లాంటాలో ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అంత్యక్రియలకు ఎబెనెజర్ బాప్టిస్ట్ చర్చిలోకి కొద్దిమంది ఫొటోగ్రాఫర్లనే పంపాలని ఏర్పాటు చేశారు. ఆ కొద్దిమందిలో ఒక్క నల్లజాతి ఫొటోగ్రాఫర్ కూడా లేడు. నల్లజాతివాళ్ల పత్రిక ‘ఎబొనీ’లో పనిచేసే మొనేటా స్లీట్‌ను లోపలికి రానివ్వకపోతే ఇంకెవ్వరూ రాకూడదని కింగ్ భార్య కొరెటా స్కాట్ కింగ్ కబురు పంపారు. స్లీట్ లోపలికి వెళ్లారు. ఆయన తీసిన ఫొటోలో కొరెటా నల్ల మేలిముసుగులోంచి నిటారుగా ముందుకు చూస్తూ ఉంటారు. ఐదేళ్ల కూతురు బెర్నీస్ తెల్ల గౌనులో తల్లి ఒళ్లో ఒరిగి ఉంటుంది. పిల్ల చూపు ఎటో ఉంది, తల్లి చూపు ఇంకెటో ఉంది. ఆ ఫొటోకు 1969లో పులిట్జర్ బహుమతి వచ్చింది. స్లీట్ ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి ఎరిగినవాడు. అంత దగ్గరగా ఉన్నా ఆ ఫొటోలో చొరబాటు కనిపించదు, ఎందుకంటే అక్కడ చొరబాటు జరగలేదు. పిలిచి కూర్చోబెట్టిన మనిషి తీసిన ఫొటో అది.

అనుమతి అంటే ప్రతిసారీ దాచమని అర్థం కాదు, చూపించమని కూడా కావచ్చు. 1955లో పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్‌ను మిసిసిపీలో తెల్లవాళ్లు చంపేశాక, షికాగోలో జరిగిన అంత్యక్రియల్లో శవపేటిక మూత తెరిచే ఉంచాలని తల్లి మేమీ టిల్ పట్టుబట్టారు. ఛిద్రమైన ఆ ముఖం ఫొటోను ‘జెట్’ పత్రిక వేసింది. ఎవరైనా ఫొటోగ్రాఫర్ తనంతట తాను తీసి అచ్చువేయించి ఉంటే అది ఘోరం. తల్లి కోరింది కాబట్టి అది సాక్ష్యమైంది, పౌరహక్కుల ఉద్యమానికి ఊపునిచ్చింది.

ప్రభుత్వాలకు కూడా ఈ సంగతి ఆలస్యంగానే తలకెక్కింది. యుద్ధాల్లో చనిపోయిన అమెరికన్ సైనికుల శవపేటికలు డోవర్ వైమానిక స్థావరానికి వస్తాయి. అక్కడ పత్రికలవాళ్లు ఫొటోలు తీయకూడదని 1991లో నిషేధం పెట్టారు. కుటుంబాల గోప్యత కోసమని ప్రభుత్వం అంది. యుద్ధం ఖరీదు జనానికి కనిపించకుండా ఉండటానికేనని విమర్శకులు అన్నారు. 2009లో నిషేధం ఎత్తేసి, తీయాలా వద్దా అన్నది ఆ సైనికుడి కుటుంబానికే వదిలేశారు. గుట్టు ఎవరిదో వాళ్ల చేతికే ఇచ్చారన్నమాట, పద్దెనిమిదేళ్ల తర్వాత.

మామూలు కుటుంబంలో ఇది ఇంత తేటగా ఉండదు. ఫొటోగ్రాఫర్‌ను పిలిచింది ఒక కొడుకు. ఆ సంగతి కూతురికి తెలియదు. భార్యకు చెప్పారు గానీ ఆవిడ వినే స్థితిలో లేదు. డబ్బులిచ్చినవాడి మాటే అందరి మాట అనుకుంటే అక్కడే పొరపాటు. ముందురోజు ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడిగితే సగం గొడవ తీరుతుంది. ఎవరిని తీయకూడదు? పోయిన మనిషి ముఖం కావాలా వద్దా? మొదటి ప్రశ్నకు తరచూ ఓ పేరు వస్తుంది. ఎన్నాళ్లుగానో మాటల్లేని తమ్ముడో, మొదటి భార్యో. రెండో ప్రశ్నకు చాలామంది ‘తీయండి, కానీ విడిగా ఉంచండి’ అంటారు. ఇంకో చిన్న పని, కార్యక్రమం మొదలయ్యే ముందు ఫొటోలు తీస్తున్నట్టు నిర్వాహకుడి చేత ఒక్క ముక్క చెప్పించడం. ఇష్టంలేనివాళ్లు పక్కకు కూర్చుంటారు. ఆ ప్రకటనతో సహజత్వం పోతుందని భయపడే ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. పది నిమిషాలు గడిచాక ఎవరికీ గుర్తుండదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు కెమెరా కంటే గుర్తుపెట్టుకోవాల్సినవి చాలా ఉంటాయి.

పోయిన మనిషి ముఖం తీయడం ఈ కళ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1839లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి వచ్చిన కొద్దికాలానికే యూరప్, అమెరికాల్లో చనిపోయిన పిల్లల ఫొటోలు తీయించుకోవడం వాడుకైంది. చాలా కుటుంబాలకు ఆ బిడ్డ ఫొటో అదొక్కటే. (శవాలను ఇనుప స్టాండుకు ఆనించి నిలబెట్టి తీసేవారని ఇంటర్నెట్‌లో తిరిగే కథ నిజం కాదు. ఆ స్టాండ్లు బతికున్నవాళ్లు కదలకుండా ఉండటానికి, శవాన్ని మోసే బలం వాటికి లేదు.) ఇప్పుడు ప్రతివాళ్ల ఫోన్లోనూ బతికున్నప్పటి ఫొటోలు వేలల్లో ఉన్నాయి. కాబట్టి ఆ చివరి ముఖం అవసరం తగ్గింది. ఒక్కచోట మాత్రం తగ్గలేదు. పుట్టీ పుట్టకముందే పోయిన బిడ్డల విషయంలో అవసరం 1840ల్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. వాళ్ల కోసం ఉచితంగా ఫొటోలు తీసిపెట్టే ‘నౌ ఐ లే మీ డౌన్ టు స్లీప్’ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో అమెరికాలో మొదలైంది.

మిగతా అన్నిచోట్లా ఫొటోలో విలువంతా బతికున్నవాళ్లదే. 1968 జూన్ 8న, హత్యకు గురైన అమెరికా సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ భౌతికకాయాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు రైల్లో తీసుకెళ్తుంటే, ‘లుక్’ పత్రిక ఫొటోగ్రాఫర్ పాల్ ఫస్కో అదే రైల్లో ఉన్నారు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, పట్టాల పక్కన వచ్చి నిలుచున్న జనాన్ని తీస్తూ పోయారు. సెల్యూట్ చేస్తున్నవాళ్లు, చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డ కుటుంబాలు, జెండా పట్టుకున్న పిల్లలు. ఆ ఫొటోల్లో పేటిక లేదు. అప్పట్లో పత్రిక వాటిని వాడుకోలేదు, మూడు దశాబ్దాల తర్వాతే అవి లోకానికి తెలిశాయి. ఆ రోజు ఎలా ఉండిందో తెలుసుకోవాలంటే ఇప్పుడు చాలామంది చూసేది వాటినే.

చిన్న హాలులోనూ ఇంతే. మాట్లాడాల్సిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి విప్పుతున్న చేతులు. పక్కవాడి కోటు కాలరు సరిచేస్తున్న వేళ్లు. ముందు వరసలో ఎవరూ కూర్చోకుండా వదిలేసిన ఒక కుర్చీ. కార్యక్రమం అయ్యాక బయట గుమ్మం దగ్గర, ఎన్నో ఏళ్లకు కలిసిన ఇద్దరు దగ్గరివాళ్లు పోయినాయన పాత చిలిపిపని ఒకటి గుర్తొచ్చి పగలబడి నవ్వడం. ఆ నవ్వును తీయడానికి కొత్తవాళ్లు జంకుతారు, మర్యాద కాదేమోనని. ఏడుపు ఫొటోలు అడిగేవాళ్లు తక్కువ, నవ్వు ఫొటో అడిగి ఫ్రేము కట్టించుకునేవాళ్లు ఎక్కువ. ఏడుపును ముఖంలో కంటే వెనక నుంచి, వంగిన భుజాల్లో తీయడం మేలు. చూసేవాళ్లకు అర్థమవుతుంది, ఏడ్చిన మనిషికి నామోషీ ఉండదు.

అసలు ఇదంతా అవసరమా అని విసుక్కునేవాళ్లకు జవాబు జ్ఞాపకంలో ఉంది. దుఃఖంలో మునిగినవాళ్లకు ఆ రోజు ముక్కలు ముక్కలుగానే గుర్తుంటుంది. ఎవరొచ్చారో, ఎవరు ఏం చదివారో తర్వాత అడిగితే చెప్పలేరు. పోనీ వాళ్లే ఫోన్‌తో తీసుకోవచ్చు కదా అంటే అదీ సరైన దారి కాదేమో. మనస్తత్వ పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మ్యూజియంలో వస్తువులను ఫొటో తీసినవాళ్లకు ఊరికే చూసినవాళ్లకంటే అవి తక్కువ గుర్తున్నాయి. మ్యూజియం ఫలితాన్ని అంత్యక్రియలకు నేరుగా అతికించలేం. అయినా కెమెరా ఎవరి చేతిలో ఉంటే వాళ్లు సగం అక్కడ ఉండరన్నది అనుభవం ఉన్నవాళ్లు ముందే ఒప్పుకున్న విషయం. ఆ సగం లేకపోవడాన్ని ఒక బయటిమనిషి నెత్తిన వేసుకుంటే, ఇంటివాళ్లు పూర్తిగా ఉండగలుగుతారు. కరోనా కాలంలో హాలులోకి కొద్దిమందినే రానిచ్చినప్పుడు లైవ్ స్ట్రీమ్ అలవాటైంది. గోడకు బిగించిన ఆ కెమెరా అంతా చూపిస్తుంది, కానీ దేన్నీ చూడదు. రాలేకపోయినవాళ్లకు కావలసింది పేటిక ముందు మూడు గంటల వీడియో కంటే, అమ్మ చెయ్యి ఎవరు పట్టుకున్నారో చెప్పే ఒక్క ఫొటో.

తీసిన తర్వాత పని ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బ్రిటన్ పత్రికల ఎడిటర్స్ కోడ్‌లో నాలుగో నిబంధన దుఃఖంలో, దిగ్భ్రాంతిలో ఉన్నవాళ్ల జోలికి వెళ్లడం గురించే. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే యూరప్ జీడీపీఆర్ చట్టం చనిపోయినవాళ్ల సమాచారానికి వర్తించదు. ఫొటోలో ఏడుస్తూ కనిపించే బతికున్న మనిషికి మాత్రం వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచితే, ఈ ఫొటోలను తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు కోసం ఆ వారంలో సంతకం అడిగే ఫొటోగ్రాఫర్ పద్ధతి తెలియనివాడు. ఆ వారంలో వాళ్లు దేని మీదైనా సంతకం పెడతారు. అడగాలంటే నెలలు ఆగి, ఫలానా ఫొటో అని చూపించి అడగాలి.

ఇచ్చేటప్పుడు కూడా అన్నీ ఒక్క లింకులో కుప్పపోయకూడదు. పోయిన మనిషి ముఖం ఉన్నవి వేరే ఫోల్డర్‌లో, పైన స్పష్టంగా పేరు రాసి, పాస్‌వర్డ్ పెట్టి ఉంచాలి. సెలవురోజు పొద్దున్నే ఫోన్ తెరిచిన పిల్లాడికి తాత ముఖం ఉన్నట్టుండి ఎదురుకాకూడదు. రెండు మూడు వారాల్లో ఫొటోలు సిద్ధమవుతాయి, కానీ చాలా కుటుంబాలు లింకు వెంటనే తెరవవు. కొన్ని ఏడాదిదాకా తెరవవు. లింకు గడువు ముప్పై రోజులని పెట్టే పెళ్లి ఫొటోల అలవాటు ఇక్కడ పనికిరాదు. కాపీ రెండుచోట్ల ఉంచుకోవాలి, ఏళ్ల తరబడి. ఎప్పుడో ఒక ఫోన్ వస్తుంది. పిలిచిన కొడుకు కాదు, ఫొటోగ్రాఫర్ వస్తున్న సంగతే అప్పుడు తెలియని కూతురు. ‘ఆ రోజు నేను ఎక్కడ నిలబడ్డానో నాకు గుర్తులేదు. ఎందులోనైనా ఉన్నానా?’ అని అడుగుతుంది.